తాగుడుకి వైద్యం ఊళ్ళో ఎందుకు దొరకదు?

(పెనుమూడిలో మహిళా సంఘాల సభ్యులు, ఆశా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తున్న మిత్రులు కలుసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తాగుడు గురించి పెనుమూడి ఆడవాళ్ళకి ఉపన్యాసం ఇవ్వటమంటే, కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్ళకి వరదంటే ఏమిటో చెప్పటం లాంటిది. అందుచేత తాగుడు వల్ల కలిగే నష్టాల గురించి నేను ఒక్క ముక్క కూడా చెప్పబోవటం లేదు. నేను మాట్లాడదలచుకున్నది డాక్టర్ గురించి. పెద్ద ఊళ్ళో ఉండే స్పెషలిస్టు గురించి కాదు. జ్వరమొస్తే, కడుపులో మంటొస్తే, బీపీ చూపించుకోవాలంటే మనం వెళ్ళే మామూలు డాక్టర్ గురించి. తాగుడుకి బానిసైన మనిషికి ఆ మామూలు డాక్టర్ వైద్యం చెయ్యగలరా? చాలామందికి, చాలా భాగం, చెయ్యగలరు. మరి ఎందుకు చెయ్యటం లేదు? వారు చెయ్యని పని చివరికి ఎవరి నెత్తిన పడుతోంది? ఈ రెండు ప్రశ్నలే ఇవాళ నా విషయం.

సారా వ్యతిరేక ఉద్యమం మనందరికీ గర్వకారణం. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారాని ఊరూరికీ చేర్చిన రోజుల తర్వాత, నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల్లో కూర్చున్న స్త్రీలు లేచారు. దూబగుంటలో మొదలైంది 1992 నాటికి రాష్ట్రమంతా పాకింది. వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, దశలవారీగా నిషేధిస్తానంది. 2024 అక్టోబర్‌లో లాటరీ తీసి 3,396 దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతికిచ్చారు. 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు.

ఈ మూడు దశాబ్దాల పైచిలుకులో దుకాణం మూయటం, తెరవటం, వేలం, లాటరీ, ధర, పనివేళలు, వీటిమీద ప్రభుత్వాలు పెట్టిన శ్రద్ధలో పదోవంతు కూడా తాగుడుకి అలవాటుపడిన మనిషి వైద్యం మీద పెట్టలేదు. స్త్రీలు దుకాణం మూయమన్నారు, అది న్యాయమైన కోరిక. దుకాణం మూసిన మర్నాడు ఆ ఇళ్ళలో ఏం జరుగుతుందో ఆలోచించవలసిన బాధ్యత వైద్యశాఖ ఉన్న ప్రభుత్వానిది. రాజ్యాంగం 47వ అధికరణాన్ని మద్యనిషేధ సభల్లో అందరూ ఉదహరిస్తారు. అయితే సగమే చదువుతారు. ప్రజల పోషకాహారాన్నీ, జీవన ప్రమాణాన్నీ పెంచటం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచటం ప్రభుత్వ ప్రాథమిక విధుల్లో ఒకటి అని ఆ అధికరణం మొదలవుతుంది. నిషేధం మాట ఆ తర్వాత వస్తుంది. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

మూసిన మర్నాడు అన్నాను కదా, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకి ఎదురుగా ఎప్పుడూ బిగబట్టుకుని ఉండటం నేర్చుకుంటుంది. మత్తు ఒక్కసారిగా ఆగిపోతే బిగువు మాత్రం మిగులుతుంది. ఆఖరిసారి తాగిన ఆరేడు గంటలకి చేతులు వణకటం మొదలవుతుంది. చెమటలు, గుండెదడ, వాంతులు, నిద్ర లేకపోవటం. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకా కొద్దిమందికి మూడోరోజు, నాలుగోరోజు మతి తప్పుతుంది. గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది. 'గాలి సోకింది' అని ఊళ్ళో మంత్రం వేయించేది చాలాసార్లు ఈ స్థితిలోనే. ఇది గాలి కాదు, వైద్యం లేకపోతే ప్రాణం తీసే జబ్బు. సకాలంలో సరైన మందు పడితే చాలావరకు తప్పించగలిగిన జబ్బు కూడా.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దేశమంతా మద్యం దుకాణాలు మూసినప్పుడు ఇదంతా ఒక్కసారి బయటపడింది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, మతిభ్రమతో వచ్చినవాళ్ళు బారులు తీరారు. మే నెలలో దుకాణాలు తెరిచారు. మన రాష్ట్రంలో రెండు రోజుల్లోనే ధర 75 శాతం పెంచారు. అదే సంవత్సరం జూలై చివర, ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి వల్ల దుకాణాలు మూసి ఉన్నప్పుడు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. పత్రికలు వాళ్ళని తాగుబోతులని రాశాయి. నిజమే, తాగుబోతులే. అయితే శానిటైజర్ దాకా పోయిన మనిషి సరదా కోసం పోలేదు. శరీరం తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారని ముందే గుర్తించదగిన మనిషి ఎవరు? ఎక్సైజ్ ఎస్సై కాదు. వైద్యసిబ్బంది.

లాక్‌డౌన్ ఎప్పుడో వచ్చిన విపత్తు అనుకుంటే, ప్రతి కార్తీకంలోనూ వచ్చేది ఒకటుంది. అయ్యప్ప మాల. 41 రోజుల దీక్ష. మన ఊళ్ళలో తాగుడు మాన్పించటానికి ఉన్న ఏకైక కార్యక్రమం అదేనని నాకు అనిపిస్తుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. గుంపు ఉంటుంది, గురుస్వామి ఉంటాడు, గౌరవం ఉంటుంది, 'స్వామీ' అని పిలిచే ఊరుంటుంది. వైద్య పుస్తకాలు చెప్పే అంశాల్లో చాలా వాటికి ఇందులో చోటుంది. లేనివి రెండు. మొదటి వారంలో వణుకు, ఫిట్స్ వస్తే చూసే డాక్టర్. మాల తీసిన మర్నాడు పలకరించే మనిషి. రోజుకి రెండు మూడు క్వార్టర్లు తాగే మనిషి ముందురోజు రాత్రి దాకా తాగి తెల్లారి మాల వేసుకుంటే అది భక్తే కావచ్చు, ప్రమాదం కూడా. మాల వేసుకునే పదిరోజుల ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళమని చెప్పటానికి మన ఆశా కార్యకర్తలకి మించినవాళ్ళు లేరు.

ఇక మామూలు డాక్టర్ ఏం చెయ్యగలరో చూద్దాం.

మొదటిది, అడగటం. తాగే మనిషి తాగుడు మాన్పించమని ఆసుపత్రికి రాడు. కడుపులో మంట అని వస్తాడు, అరికాళ్ళు తిమ్మిరి అని వస్తాడు, బీపీ తగ్గటంలేదని, బండిమీంచి పడ్డానని వస్తాడు. క్షయ అని వస్తాడు. బాగా తాగేవాళ్ళకి క్షయ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు. డాక్టర్ గారు గ్యాస్ మాత్ర రాసి పంపించేస్తారు. తాగుతారా అని అడిగినా, "ఎప్పుడన్నా కొద్దిగా" అంటాడు, అక్కడితో సరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది, దాన్ని ఆడిట్ అంటారు. అయిదు నిమిషాల పని. ఏ.ఎన్.ఎం. కూడా అడగవచ్చు. అందులో మూడో ప్రశ్న: ఒకేసారి ఆరు లేక అంతకుమించి మోతాదులు ఎంత తరచుగా తాగుతారు? ఇక్కడ మోతాదు అంటే 10 గ్రాముల ఆల్కహాల్. మన దుకాణాల్లో దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్లో ఎంతుంటుందో లెక్కవేస్తే సుమారు 60 గ్రాములు. అంటే ఆరు మోతాదులు. "ఒక్క క్వార్టరే కదమ్మా" అని మనతో అనే మాట ఆ పట్టిక ప్రకారం చిన్న మాట కాదు. రోజూ ఒక్క క్వార్టర్ అంటే రోజూ అతిగా తాగటమే. ఈ లెక్క ఎవరికి వాళ్ళు చెప్పుకోదగ్గది, డాక్టర్ కోసం ఆగక్కరలేదు.

రెండోది, ఆపేటప్పుడు వచ్చే బాధకి మందు. దీనికి క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ లాంటి మందులు ఎన్నో దశాబ్దాలుగా ఉన్నాయి. కాలేయం దెబ్బతిన్నవాళ్ళకి లోరాజెపామ్ మేలు. మొదటి రోజుల్లో ఎక్కువ ఇచ్చి, వారం పదిరోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తారు. ఇది డాక్టర్ చేతిమీద జరగాలి. మందుల షాపులో నిద్రమాత్రలు కొని తాగుతూనే మింగితే ఊపిరి ఆగిపోవచ్చు; ఏళ్ళ తరబడి మింగితే ఆ మాత్రకే కొత్తగా బానిసవుతాడు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్ళూ, మతి తప్పినవాళ్ళూ, వేరే పెద్ద జబ్బున్నవాళ్ళూ ఆసుపత్రిలో చేరాలి. మిగతా చాలామందికి ఇంటి దగ్గరే ఉంచి, రోజూ చూస్తూ, ఈ పని చెయ్యవచ్చు.

మూడోది థయమిన్, అంటే బి-1 విటమిన్. చవకైన మందు, దీని సంగతి మాత్రం వినండి. తాగేవాడు తిండి తినడు, తిన్నదానిలో ఉన్న బి-1 కూడా ఒంటికి సరిగా పట్టదు. మెదడుకి అది లేకపోతే కళ్ళు పక్కకి తిరగటం, నడక తూలటం, మతిమరుపు వస్తాయి. కొందరికి ఆ మతిమరుపు శాశ్వతంగా ఉండిపోతుంది. మన ఊళ్ళలో తాగి నీరసపడిన మనిషికి మొట్టమొదట జరిగే వైద్యం ఏమిటి? ఆర్.ఎం.పి. గారు వచ్చి గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. బి-1 లేని ఒంటికి ముందు గ్లూకోజు పడితే ఉన్న కాస్త బి-1 కూడా ఖర్చయిపోయి ఆ మెదడు జబ్బు ముదరవచ్చు. ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజు అన్నది వైద్య విద్యార్థులకి నేర్పే పాఠం. మన వీధుల్లో మాత్రం సీసానే మొదలు, సీసానే చివర. ఇక్కడొక విచిత్రం చూడండి. ఆ మనిషి భార్య నీరసం, ఒళ్ళునొప్పులు, నిద్రపట్టటం లేదని అదే డాక్టర్ దగ్గరికి వెళితే ఆవిడకి బి-కాంప్లెక్స్ సూది వేస్తారు. విటమిన్ అవసరమున్నది అతనికి. ఆవిడకి కావలసింది, "ఇంట్లో ఎలా ఉందమ్మా?" అన్న ఒక్క ప్రశ్న.

నాలుగోది, మానిన తర్వాత. తాగాలన్న కోరికని తగ్గించే నాల్‌ట్రెక్సోన్, మానినవాళ్ళు నిలబడటానికి సాయపడే అకాంప్రోసేట్ అనే మాత్రలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వీటితోపాటు నెలనెలా రమ్మనటం, మాట్లాడటం. బీపీ మందు మానేసి వచ్చిన మనిషిని డాక్టర్ గారు కోప్పడతారు, మళ్ళీ మందు రాస్తారు. షుగర్ పెరిగి వచ్చినా అంతే. తాగుడు మాని మళ్ళీ మొదలుపెట్టి వచ్చిన మనిషిని మాత్రం 'నువ్వు బాగుపడవు, పో' అంటారు. ఈ తేడా శాస్త్రంలో లేదు. మనసులో ఉంది.

ఇదంతా విన్నప్పుడు మనలో చాలామందికి ఒక అభ్యంతరం కలుగుతుంది, కలగాలి కూడా. తాగుడుని జబ్బు అంటే మగవాడికి సాకు దొరకదా? 'నేనేం చెయ్యను, నాది జబ్బు' అని కొట్టినవాడు చేతులు దులుపుకోడా? స్త్రీవాదులుగా ఈ ప్రశ్నని దాటవెయ్యటానికి వీల్లేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక లెక్క ఉంది. తరచుగా తాగి మత్తులో ఉండే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేక లైంగిక హింస అనుభవించారు. అసలు తాగని భర్తలున్నవాళ్ళలో 23 శాతం. డెబ్భై అంకెని అందరూ చూస్తారు. నేను ఇరవైమూడుని కూడా చూడమంటాను. చుక్క ముట్టని మగవాళ్ళ ఇళ్ళలో కూడా నలుగురైదుగురిలో ఒక స్త్రీ దెబ్బలు తింటోంది. అంటే చెయ్యెత్తే హక్కు సీసాలోంచి పుట్టలేదు. తాగి తూలుతూ వచ్చే మనిషి దారిలో ఎస్సైని కొట్టడు, అప్పిచ్చిన షావుకారుని కొట్టడు. ఎవరిని కొట్టవచ్చో అంత మత్తులోనూ అతనికి తెలుసు. వణుకు జబ్బు. ఫిట్స్ జబ్బు. ఎంత వద్దనుకున్నా చెయ్యి సీసా మీదికి పోవటం జబ్బు. భార్యని కొట్టటం జబ్బు కాదు, నేరం. వైద్యం మొదటివాటికి. రెండోదానికి 2005 గృహహింస చట్టం ఉంది.

గోవాలో సంగత్ అనే సంస్థ చేసిన పరిశోధన ఈ విషయంలో మనకి చాలా పనికొస్తుంది. అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగుతున్నా పూర్తిగా బానిసకాని మగవాళ్ళకి, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి వాళ్ళచేత ఒకటి నుంచి నాలుగుసార్లు మాట్లాడించారు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి. మూడు నెలల తర్వాత, మాట్లాడినవాళ్ళలో 36 శాతం మంది ప్రమాదస్థాయి నుంచి బయటపడ్డారు. మాట్లాడించనివాళ్ళలో 26 శాతం. చిన్న సిబ్బందితో, తక్కువ ఖర్చుతో అది తక్కువ ఫలితం కాదు. అదే పరిశోధనలో ఇంకొకటి కూడా కొలిచారు. భార్యల మీద హింస తగ్గిందా? రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. ఈ వాక్యాన్ని డీ-అడిక్షన్ కేంద్రాల కరపత్రాల్లో ఎవరూ వెయ్యరు. మనం గుర్తుపెట్టుకోవాలి. 'ఆయనకి వైద్యం జరుగుతోంది కదా, కేసు వెనక్కి తీసుకో' అని పెద్దమనుషులు చెప్పినప్పుడు చూపించవలసిన వాక్యం ఇది.

అలాగని వైద్యం మన పని కాదనుకుంటే, వైద్యం లేని చోట ఆ పని ఎవరు చేస్తున్నారో చూడాలి. వాంతులు ఎత్తేది భార్య. ఫిట్స్ వస్తే పట్టుకునేది భార్య. డబ్బులు దాచేది, రాత్రి వెతుక్కుంటూ వెళ్ళేది, పనికి రాలేడని మేస్త్రీకి సర్దిచెప్పేది భార్య, లేకపోతే తల్లి, లేకపోతే బడి మానిన కూతురు. రాజ్యం ఇవ్వని వైద్యానికి జీతంలేని నర్సులు వీళ్ళు. నేను పైన ఇంటి దగ్గరే చేసే వైద్యం గురించి చెప్పాను. దానికి పుస్తకాలన్నీ ఒక షరతు పెడతాయి: ఇంట్లో బాధ్యతగల తోడుమనిషి ఉండాలి. ఆ తోడుమనిషి ఎవరో పుస్తకం రాయదు, మనకి తెలుసు. నాట్ల రోజుల్లో, మినుము తీతల రోజుల్లో వారం రోజులు కూలి మానుకుని ఆవిడ కూర్చోవాలి. ఆ మనిషి ఆవిడని కొట్టే మనిషైతే, చిరాకు తారస్థాయిలో ఉండే ఆ వారమంతా ఒకే గదిలో అతనితో ఉండాలి. కాబట్టి ఇంటివైద్యం నిర్ణయించే ముందు డాక్టర్ ఆవిడని పక్కకి పిలిచి, అతను వినకుండా, రెండు మాటలు అడగాలి: మీకు భయమా? మీరు ఉండగలరా? ఉండలేనంటే అతన్ని ఆసుపత్రిలో పెట్టాలి. ఇది దయ కింద అడిగేది కాదు, వైద్యంలో భాగం.

వైద్యం అందనప్పుడు భార్యలు చేసే మరో పని, అన్నంలో కలపటం. 'అతనికి తెలియకుండా మాన్పించే మందు' అని ప్రకటనలు చూస్తుంటాం. ఇలా తెలియకుండా కలిపే మందుల్లో డైసల్ఫిరామ్ ఒకటి. ఇది మంచిమందే, తెలిసి వేసుకునేవాడికి. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. మాత్ర ఆపేసినా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండవచ్చు. గుండెజబ్బున్న మనిషైతే చనిపోవచ్చు. చనిపోతే ఆ నేరం ఎవరిమీద పడుతుంది? బతికితే, పెళ్ళాం విషం పెట్టిందని ఆ రాత్రి ఏం జరుగుతుంది? దిక్కుతోచక కలిపే స్త్రీని నేను తప్పుపట్టను, దిక్కు లేకుండా చేసినవాళ్ళని తప్పుపడతాను. అయినా ఈ సమావేశం నుంచి ఒక్క మాట ఊళ్ళోకి వెళ్ళాలి: తెలియకుండా కలపవద్దు. అతని శరీరం మీద అతని అనుమతి ఉండాలన్నది కూడా హక్కే. మన శరీరాల విషయంలో మనం ఎంతకాలంగా అడుగుతున్న హక్కో అదే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇక్కడ మనకి ఆధారం. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులని ఆ చట్టం మానసిక అనారోగ్యంలో చేర్చింది. ప్రభుత్వం నడిపే లేక నిధులిచ్చే సేవల ద్వారా వైద్యం పొందటం ప్రతి మనిషి హక్కు అని 18వ సెక్షన్ చెబుతుంది. డీ-అడిక్షన్ కేంద్రాలు దాని కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఏ రకంగానూ గొలుసులతో కట్టరాదని 95వ సెక్షన్. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో కట్టేసి ఉన్న రోగులు కట్టేసినట్టే మంటల్లో కాలిపోయారు, ఆ సెక్షన్ చదివినప్పుడు అది గుర్తుకు రావాలి. మాన్పిస్తామని డబ్బు కట్టించుకుని గదిలో పెట్టి కొట్టే కేంద్రాలకి మనవాళ్ళు అప్పుచేసి పంపిస్తున్నారు. పంపించేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. చూపించకపోతే వెనక్కి రండి.

ఇక్కడినుంచి వైద్యం ఎంత దూరమో మీకు నేను చెప్పక్కరలేదు. రేపల్లె దాకా సరే. అక్కడినుంచి రైల్లో తెనాలి, మానసిక వైద్య విభాగం కావాలంటే గుంటూరు. వణికే మనిషిని పట్టుకుని, ఇద్దరి కూలి పోగొట్టుకుని, దారిలో ఎన్ని దుకాణాలు దాటాలో లెక్కవేసుకోండి. దేశంలో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేరు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వారి జాతీయ సర్వే తేల్చిందేమంటే, మద్యానికి బానిసైనవాళ్ళు 2.9 కోట్లు, వాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. స్పెషలిస్టులు పెరిగేదాకా ఆగితే మన మనవరాళ్ళు కూడా ఆగవలసివస్తుంది. కాబట్టి ఈ పని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రావాలి. ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలోకి రావాలి. ఆయుష్మాన్ భారత్ కింద ఈ కేంద్రాలు అందించవలసిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్య సేవలు ఇప్పటికే కాగితం మీద ఉన్నాయి. శిక్షణ లేదని డాక్టర్లు అంటే, బెంగుళూరు నిమ్‌హాన్స్ దూరం నుంచే ప్రాథమిక కేంద్రాల డాక్టర్లకి శిక్షణ ఇస్తోంది.

ఊళ్ళో జరగదు అనేవాళ్ళకి ఒక పాత ఉదాహరణ. శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తని పోగొట్టుకున్న స్త్రీ. 1980లో చెన్నైలో చికిత్సాకేంద్రం పెట్టారు. 1989 నుంచి తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి గ్రామంలో శిబిరాలు మొదలుపెట్టారు. పట్నం ఆసుపత్రికి మనుషులని తీసుకెళ్ళకుండా వైద్యాన్నే ఊరికి తెచ్చి, పక్షం రోజులు అక్కడే ఉంచి, కుటుంబాలతో కూడా మాట్లాడి, తర్వాత నెలనెలా చూసుకున్నారు. మనం దుకాణాల మీద పోరాడుతున్న రోజులకి కాస్త ముందే పక్క రాష్ట్రంలో ఒక స్త్రీ ఇది చేసి చూపించారు.

మాట మధ్యలో ఒకటి. ఇంతసేపూ తాగే మనిషిని 'అతను' అన్నాను. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాగే మగవాళ్ళు 23.3 శాతం, స్త్రీలు 0.5 శాతం. తెలంగాణలో మగవాళ్ళు 43.3, స్త్రీలు 6.7 శాతం. సంఖ్య చిన్నదైనా, తాగే స్త్రీకి ఉన్న కష్టం పెద్దది. ఆవిడకి తోడుమనిషి ఉండదు. భర్త కూలి మానుకుని ఆమె పక్కన కూర్చోడు. ఆరోగ్య కేంద్రంలో అడిగే ఆ పది ప్రశ్నలు ఆవిడని కూడా, కళ్ళెగరేయకుండా, అడగాలి.

ఇక మనం చెయ్యగలిగింది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో మన సంఘాల స్త్రీలు ఉన్నారు. ఉన్నవాళ్ళు వచ్చే సమావేశంలో ఇవి అడగండి. థయమిన్ ఉందా, సూదిమందు ఉందా, మాత్రలున్నాయా? వణుకు ఆపే మందు ఉందా, దాన్ని వాడటం డాక్టర్ గారికి వచ్చా? ఫిట్స్ వచ్చిన మనిషిని రాత్రిపూట చేర్చుకుంటారా? బీపీ, షుగర్ పరీక్ష జరిగే రోజున ఆడిట్ ప్రశ్నలు ఎవరు అడుగుతారు? భార్యతో విడిగా మాట్లాడటానికి తలుపున్న గది ఉందా? గృహహింస చట్టం 7వ సెక్షన్ ప్రకారం, బాధితురాలు అడిగితే వైద్యం అందించి తీరాలని సిబ్బందికి తెలుసా? జవాబులు రాసుకోండి, తారీఖు వెయ్యండి. 14416 టెలీ మానస్ నెంబరు, మద్యం, మత్తుమందుల విషయంలో సలహాకి 14446, స్త్రీల సహాయానికి 181. ఈ మూడూ కేంద్రం గోడ మీద రాయించమనండి. దుకాణం బోర్డు ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా.

ఆడిట్ పది ప్రశ్నలూ తెలుగులో రాసిన కాగితాలు ఆ బల్లమీద పెట్టాను. ఆశా కార్యకర్తలు తలా నాలుగు తీసుకోండి. వచ్చే కార్తీకానికి ముందే, మాలలు వేసుకునే ఇళ్ళు మీకు తెలుసు కదా, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.